నింద బోరు నీళ్లకు, మినహాయింపు పని గంటలకు

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే జుట్టు రాలడం మొదలైతే చుట్టుపక్కలవారు చెప్పే మొదటి మాట ‘ఇక్కడి నీళ్లు పడలేదు’ అనే. అమీర్‌పేట హాస్టళ్లలోనైనా, మాదాపూర్ పీజీల్లోనైనా ఇదే తీర్పు. తర్వాత షవర్‌కు ఫిల్టర్, ఉల్లిపాయ నూనె, బయోటిన్ అనే విటమిన్ మాత్రలు, చివరకు ఏదో ఒక క్లినిక్ ప్యాకేజీ. ఆ మనిషి రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తున్నాడు, ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు అని అడిగేవారు మాత్రం ఉండరు. అందరికంటే ముందు అడగవలసింది అదేనని నా వాదన.

తల మీద ఉండే సుమారు లక్ష వెంట్రుకల్లో 85 నుంచి 90 శాతం ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి. మిగిలినవాటిలో చాలా భాగం విశ్రాంతి దశలో మూడు నెలల పాటు ఉండి రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజమే. తీవ్రమైన జ్వరం, ప్రసవం, శస్త్రచికిత్స, హఠాత్తుగా బరువు తగ్గడం, గట్టి మానసిక ఒత్తిడి వంటివి ఎదురైనప్పుడు కుదుళ్లు పెద్ద సంఖ్యలో ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. వైద్యులు టెలోజెన్ ఎఫ్లూవియం అని పిలిచే ఈ స్థితికి 1961లోనే పేరు పెట్టారు. ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఆలస్యం. దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు గానీ జుట్టు రాలదు. మార్చిలో అప్రైజల్ ఒత్తిడితో రాత్రులు మేల్కొన్న మనిషికి దువ్వెన నిండా వెంట్రుకలు కనిపించేది జూన్‌లో. అప్పటికి మార్చి సంగతి మరచిపోయి, కళ్లెదుట ఉన్న కుళాయిని అనుమానిస్తాడు. కోవిడ్ నుంచి కోలుకున్నవారికీ ఇలాగే నెలల తర్వాత జుట్టు ఊడింది. అప్పుడు కారణం జ్వరమని అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే ఆ జ్వరాన్ని ఎవరూ మరచిపోలేదు.

పైగా ఊరు మారినవారికి నీటితో పాటు నిద్ర, భోజన వేళలు, ఇంటి మనుషుల తోడు అన్నీ ఒకేసారి మారతాయి. వాటన్నిటినీ వదిలి ఒక్క నీటినే పట్టుకోవడం న్యాయం కాదు. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీరు వెంట్రుకను గరుకుగా మార్చవచ్చు, మధ్యలో తెగేలా చేయవచ్చు. కొసన చిన్న తెల్లని గడ్డతో ఊడివచ్చే వెంట్రుక మాత్రం తెగింది కాదు, కుదురు నుంచే వచ్చినట్లు లెక్క.

ఒత్తిడి పని చేసే తీరు గురించి 2021లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఒత్తిడి హార్మోన్ పెరిగినప్పుడు కుదురు అడుగున ఉండే కణాలు గ్యాస్6 అనే సంకేతాన్ని తగ్గించేస్తాయని, ఆ సంకేతం అందని మూలకణాలు నిద్రావస్థలోనే ఉండిపోతాయని ఎలుకల్లో నిరూపించారు. మనుషుల్లో ఇంకా తేలవలసింది ఉన్నా, ఒత్తిడికీ జుట్టుకూ సంబంధం కేవలం భ్రమ అనడానికి ఇక వీల్లేదు.

అన్నిటికీ ఒత్తిడే కారణమా అని అడిగేవారి మాటలోనూ నిజముంది. మగవారి బట్టతలలో అధిక భాగం వంశపారంపర్యం. గుండ్రని మచ్చలుగా ఊడితే అది రోగనిరోధక వ్యవస్థ సమస్య. థైరాయిడ్ లోపాన్ని, రక్తహీనతను కొట్టిపారేయలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనులే.

అందుకే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (శరీరంలో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేయగలదు కాబట్టి ఆ మాత్రలు వాడుతుంటే వైద్యునికి చెప్పాలి. ఒత్తిడి వల్ల జుట్టు రాలడం, కారణం తొలగితే సాధారణంగా ఆరు నెలల్లో తగ్గుముఖం పడుతుంది, జుట్టు తిరిగి మొలుస్తుంది. ఇలాంటివారికి జుట్టు మార్పిడి శస్త్రచికిత్స అమ్మడం అన్యాయం. చేయవలసింది పప్పు, గుడ్లు, ఆకుకూరలతో కడుపునిండా తినడం, కఠిన డైటింగ్ మానడం, రోజూ కొంత నడవడం, ఏడెనిమిది గంటలు నిద్రపోవడం.

ఆ నిద్ర దగ్గరే సలహా ఆగిపోతోంది. అమెరికా వేళలకు పనిచేసే గచ్చిబౌలి ఉద్యోగికి ధ్యానం చేయమని చెబితే సరిపోతుందా? 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటల పరిమితికి లోబడి రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. ఓవర్‌టైమ్ మూడు నెలలకు 144 గంటలు మించరాదంది. ఆ 144 గంటలను 13 వారాలకు పంచితే వారానికి 11 గంటల అదనం, మొత్తం 59 గంటలు. దానికి నగరపు ట్రాఫిక్‌లో ప్రయాణం, ఇంటికి చేరాక వచ్చే ఫోన్లు కలపండి. వైద్యుడు నిద్రపొమ్మని రాసిచ్చిన చీటీని అమలు చేసే సమయం ఎక్కడుంది? కార్మిక శాఖ హాజరు పట్టీలతో సరిపెట్టుకోకుండా లాగిన్ సమయాలను కూడా తనిఖీ చేయాలి. రాత్రి షిఫ్టు తర్వాత తప్పనిసరి విరామాన్ని నిబంధనగా మార్చాలి. ఓవర్‌టైమ్ పరిమితిని తగ్గించాలి.