సవరణ: ప్రెషర్ కుక్కర్ కరెంటు లెక్క

కెన్యాలో కరెంటు వంటపై నేను మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

1000 వాట్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలుతుందని రాశాను. అది తప్పు, అంతకంటే తక్కువే కాలుతుంది. ప్రెషర్ రాగానే హీటర్ ఆగిపోతుంది, ప్రెషర్ తగ్గితే మళ్లీ కాసేపు వెలుగుతుంది. గిన్నె చుట్టూ ఉన్న పొర వేడిని బయటికి పోనివ్వదు. నిన్న రాజ్మా పెట్టి దగ్గరే కూర్చుని చూశాను. ప్రెషర్ వచ్చాక కరెంటు మీటర్ మీద లైటు మిణుకుమనడం బాగా నెమ్మదించింది, అంటే కరెంటు తక్కువ కాలుతోందన్నమాట. కెన్యాలో గితేరి, అంటే మొక్కజొన్న గింజలూ బీన్సూ కలిపి గంటల తరబడి ఉడికించే వంట, మామూలే. అందుకే ఈ తేడా అక్కడ వంటకు బొగ్గు కొనే ఇల్లాలికి చాలా ముఖ్యం. నా లెక్క చూసి కుక్కర్ కొనడానికి ఎవరైనా వెనకాడి ఉంటే బాధ్యత నాదే.

రెండోది, కరెంటు లాంటి ఆధునిక ఇంధనాలతో వంటను ప్రోత్సహించే మెక్స్ కార్యక్రమం ప్రపంచ బ్యాంకుదని రాశాను. దానికి డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిది, నడిపేది అక్కడి లఫ్‌బరో విశ్వవిద్యాలయం. ప్రపంచ బ్యాంకులో ఇంధన రంగానికి సాయం చేసే విభాగం ఎస్మాప్ అందులో భాగస్వామి. కెన్యాలో కరెంటు సరఫరా చేసే కెన్యా పవర్ సంస్థ ‘పికా నా పవర్’ (కరెంటుతో వండు) పేరుతో వంట చేసి చూపించిన ప్రచారం గురించి రాసినది మాత్రం సరైనదే.