మహిళా సైకిల్ రైడ్‌కు వరంగల్ నుంచి దారేది?

పోయినేడు హైదరాబాద్‌లో జరిగిన ఒక మహిళా సైకిల్ రైడ్‌కు మా హన్మకొండ బృందం నుంచి తొమ్మిది మందిమి పేర్లు ఇద్దామనుకున్నాం. ఇద్దరికే సీటు దొరికింది. లింకు బుధవారం ఉదయం 10 గంటలకు తెరిచారు. మాలో ముగ్గురం టీచర్లం, ఒకామె నర్సు, ఇంకొకామె బ్యాంకు కౌంటర్‌లో కూర్చునే మనిషి. నేను క్లాసు ముగించుకుని స్టాఫ్ రూమ్‌కు వచ్చి ఫోన్ చూసేసరికి సీట్లు నిండిపోయాయి. దొరికిన ఇద్దరిలో ఒకామె చివరికి వెళ్లలేకపోయింది. రైడ్‌లో ఒంటికి తగిలించుకునే బిబ్ నంబర్‌ను ముందురోజు శనివారం సాయంత్రం 5 లోపు గచ్చిబౌలి వైపు వెళ్లి స్వయంగా తీసుకోవాలన్నారు. ఆమెకు శనివారం డ్యూటీ. అలా తొమ్మిది మందిలో ఒక్కామే తొక్కింది.

భద్రకాళి బండ్ వైపు ఏడాది పొడవునా తెల్లవారుజామున తొక్కేవాళ్లం మేము. కాళ్లలో సత్తువ లేక ఆగిపోయినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మహిళల రైడ్‌లో ఎవరుంటారో, ఎవరుండరో తేలేది స్టార్ట్ లైన్ దగ్గరికి రాకముందే. లింకు తెరిచే గంట, బిబ్ ఇచ్చే చోటు, ఊరికి బయలుదేరే బస్సు, ఈ మూడే చాలావరకు నిర్ణయిస్తాయి. నిర్వాహకులు వీటిని ఆఫీసు పనిలా చూస్తున్నారు. రూట్ మ్యాప్ మీద పెట్టే శ్రద్ధలో సగం వీటి మీద పెట్టినా ఉత్తర తెలంగాణ నుంచి వచ్చేవాళ్ల సంఖ్య మారిపోతుంది.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి. ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ 'ముందు' ఎవరిది? పని దినాన పది గంటలకు ఫోన్ చేతిలో ఉండి, వేగమైన నెట్ ఉండి, తన పేరు మీదే బ్యాంకు ఖాతా, యూపీఐ ఉన్న మనిషిది. మా బృందంలో ఒకామె ఫారం అంతా నింపింది. డబ్బు కట్టే దగ్గర ఓటీపీ భర్త ఫోన్‌కు పోయింది. ఆయన అప్పుడు బండి మీద జనగామ దారిలో ఉన్నాడు. ఆయన ఫోన్ ఎత్తేలోపు గడువు అయిపోయింది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, మగవాళ్ల రైడ్‌లో ఈ కారణంతో సీటు పోగొట్టుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. లింకును మూడు రోజులు తెరిచి ఉంచి, వచ్చిన పేర్లన్నిటికీ డ్రా తీయొచ్చు. డ్రాలో పేరు వచ్చాకే డబ్బు కట్టించుకోవచ్చు. అప్పుడు టీచరమ్మ రాత్రి అన్నాలయ్యాక నింపుతుంది, నర్సు డ్యూటీ దిగాక నింపుతుంది. కొన్ని సీట్లు హైదరాబాద్ బయటి జిల్లాలకు విడిగా పెట్టడమూ కష్టం కాదు. రాలేని మనిషి తన సీటును ఇంకొకరికి మార్చుకునే వీలు కూడా ఉండాలి. ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే ముందుగా ఆగిపోయేది తల్లి ప్రయాణమే కదా. ఆ సీటు ఖాళీగా పోవడం వల్ల ఎవరికీ లాభం లేదు.

ఇక తేదీ. మహిళా రైడ్‌లు చాలావరకు మార్చి 8 చుట్టూ పెడతారు. ఉద్దేశం మంచిదే. కానీ మార్చి అంటే మన దగ్గర ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే పదో తరగతి పరీక్షలు. టీచర్లకు ఇన్విజిలేషన్ ఉంటుంది, తల్లులకు పిల్లల చదువు ఉంటుంది, కాలేజీ అమ్మాయిలకు హాల్ టికెట్లు చేతిలో ఉంటాయి. పైగా ఎండలు అప్పటికే ముదురుతాయి. నవంబర్, డిసెంబర్ నెలల్లో పెడితే పొద్దున్నే చల్లగా ఉంటుంది, పరీక్షల గొడవ ఉండదు. మాఘంలో పెట్టేవాళ్లు మాత్రం రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరను గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సులు పెద్ద సంఖ్యలో జాతరకు వెళ్లిపోతాయి. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు మామూలు రోజుల్లా బస్సు దొరకదు.

బస్సు మాట వచ్చింది కాబట్టి అది చెబుతాను. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు ప్రయాణం ఉచితం. ఇది మా వంటివాళ్లకు పెద్ద ఊరట. హన్మకొండ నుంచి హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఉప్పల్ దాకా పైసా ఖర్చు లేకుండా చేరొచ్చు. చిక్కల్లా సైకిల్‌తోనే. ఎక్స్‌ప్రెస్ బస్సు దగ్గరికి సైకిల్ తీసుకెళ్తే "గిది బస్సుల పట్టదక్కా" అనే మాట నేను రెండుసార్లు విన్నాను. ఒకసారి మాత్రం ఒక కండక్టరన్న లగేజీ టికెట్ కొట్టి, ముందు చక్రం విప్పిస్తే వెనక సీటు దగ్గర పెట్టనిచ్చాడు. జనం నిండిన బస్సులో అది ప్రతిసారీ జరిగే పని కాదు, ఆయన మీద నెపం పెట్టడానికీ లేదు. మనిషికి ఉచితం, సైకిల్‌కు చోటే లేదు. రైడ్‌కు ముందురోజు శనివారం ఒక్క రోజు, అడిగిన డిపో నుంచి సైకిళ్లు పట్టే ఒక్క బస్సు ఇప్పించమని నిర్వాహకులు ఆర్టీసీని కోరితే చాలా ఇళ్లలో నిర్ణయం మారుతుంది.

రైలు దీనికంటే నయం, కాకపోతే తెలిసి వెళ్లాలి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, సుమారు రెండు గంటల ప్రయాణం. సైకిల్‌ను పార్శిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేయాలి. లగేజీగా రాయిస్తే మనం ఎక్కే రైలులోనే బ్రేక్ వ్యాన్‌లో, అంటే సామాన్ల పెట్టెలో వస్తుంది. పార్శిల్‌గా రాస్తే మరో రైలులో రావచ్చు, రైడ్ అయిపోయాక చేరినా చేరొచ్చు. ఈ ఒక్క మాట తేడా తెలియక ఇబ్బంది పడ్డవాళ్లున్నారు. ఇంకొకటి, రెండు నిమిషాలు మాత్రమే ఆగే రైలుకు సైకిల్ ఎక్కించడం కుదరదని చెప్పే అవకాశం ఎక్కువ. అందుకే టికెట్ కొనకముందే పార్శిల్ ఆఫీసుకు వెళ్లి ఏ రైలుకు తీసుకుంటారో అడగాలి. పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, గేర్ల వైపు అట్టముక్క కట్టి, పేరూ ఫోన్ నంబరూ దిగే స్టేషనూ రాసిన చీటీ రెండు చోట్ల కట్టాలి. లైట్లు, పంపు, సీటు కింద సంచి మనతోనే ఉంచుకోవాలి. చక్రాలు రెండూ విప్పి బ్యాగులో సర్దడం నేర్చుకున్నవాళ్లకు ఈ తిప్పలేవీ ఉండవు. మా బృందంలో ఇప్పుడు నలుగురికి ఆ పని వచ్చు. పంక్చర్ వేయడం కంటే ముందు ఇదే నేర్పాలని నా అభిప్రాయం.

రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ 1 నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులుండేది. రైడ్ తేదీ ప్రకటించి సీట్లు ఖరారు చేసేది మూడు వారాల ముందైతే, కాగజ్‌నగర్ నుంచో మంచిర్యాల నుంచో రావాల్సిన అమ్మాయికి మిగిలేది వెయిటింగ్ లిస్టు, లేదా ముందురోజు తత్కాల్. డ్రా ఫలితం కనీసం 65 రోజుల ముందు వస్తే టికెట్ కౌంటర్ తెరిచే నాటికి ఆమెకు రైడ్‌లో సీటు ఖాయమై ఉంటుంది. తిరుగు ప్రయాణం గురించి మాకంత బెంగ లేదు. ఆదివారం సాయంత్రం కిక్కిరిసిపోయేది హైదరాబాద్ వెళ్లే రైళ్లు, మేము వచ్చేది ఎదురు దిశలో.

రాత్రి బస గురించి ఎవరూ రాయరు. ఆడవాళ్లు పది మంది ఉంటే తొమ్మిది మంది ఇళ్లలో మొదటి ప్రశ్న అదే, "రాత్రి ఎక్కడుంటవ్?" ఉప్పల్, బోడుప్పల్ వైపు చుట్టాలు లేని వరంగల్ కుటుంబం అరుదు. కాబట్టి పిన్ని ఇంట్లోనో ఆడపడుచు ఇంట్లోనో ఉండొచ్చు. కానీ రైడ్‌లు ఎక్కువగా నగరానికి ఆ చివర, పడమటి వైపు పెడుతున్నారు. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ మొదలయ్యాక నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు మొగ్గు మరీ పెరిగింది. ట్రాక్ బాగుంటుంది, నేనూ తొక్కాను. కానీ ఉప్పల్ నుంచి అక్కడికి నగరమంతా దాటి వెళ్లాలి. మెట్రో మొదలయ్యేది ఆరింటికి. ఆరింటికే రైడ్ మొదలైతే తెల్లవారుజామున నాలుగింటికి సైకిల్‌తో ట్రాలీ ఆటో వెతుక్కోవాలి. గంట ఆలస్యంగా మొదలుపెట్టడం, స్టార్ట్ దగ్గర అద్దె సైకిళ్లు పెట్టడం, ఒక హాస్టల్‌లో పాతిక మంచాలు మాట్లాడి ఉంచడం, ఇందులో ఏదీ మోయలేని ఖర్చు కాదు.

బయటి అనుభవం చూస్తే, అమెరికాలోని యూటా రాష్ట్రంలో 'లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్' అనే రైడ్ జరుగుతుంది. అది మహిళలకు మాత్రమే, పోటీ లేదు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు దూరం ఎంచుకుంటారు. జరిగేది లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో, బస మాత్రం లోగన్ పట్టణంలో చూసుకోవాలి. అంటే సీటు, గది, ప్రయాణం అక్కడా కలిపే ఆలోచించాలి. నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ అనే దూరపు సైకిల్ రైడ్ 2027లో ఉంది. దానికి అంతకుముందు ఏడాది ఎంత పొడవైన బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్) పూర్తిచేశారో దాన్ని బట్టి ముందుగా పేరిచ్చుకునే అవకాశం వస్తుంది. మన రైడ్‌లకు అంత కఠినం అక్కర్లేదు. ఏడాది ముందే నియమం తెలిసి ఉండటం అనే గుణం మాత్రం తెచ్చుకోవచ్చు. అప్పుడు ఇంట్లో చెప్పుకోవడానికీ, సెలవు దాచుకోవడానికీ వ్యవధి ఉంటుంది.

హైదరాబాదే ఎందుకు, రైడే ఇటు రావొచ్చు కదా అని మా వాళ్లు అడుగుతారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్పకు హన్మకొండ నుంచి దారి ఉంది, ఒక పూట తొక్కేంత దూరమే. ములుగు రోడ్డు మీద ఇసుక లారీలున్నంతకాలం, ఆ పూట పోలీసు బందోబస్తు ఇవ్వనంతకాలం నేను దానికి ఒప్పుకోను. ఆ దారిలో మధ్య మధ్య శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడెక్కడ ఉందో కూడా లెక్క చూడాలి. మేము నలుగురం వచ్చే ఆదివారం ఆత్మకూరు దాకా కారులో వెళ్లి ఆ లెక్క రాసుకొస్తాం. లారీలు తక్కువగా తిరిగే గంటలేవో కూడా అదే కాగితంలో రాస్తాం.