ఆట ఉచితం, సలహాలు ఇంకా ఉచితం

పోయిన మంగళవారం మా వీధిలో డ్రైనేజీ పైపు కోసం తవ్వుతూ నెట్ కేబుల్ తెంపేశారు. ఆన్‌లైన్ మీటింగులో మా మేనేజరు సగం నోరు తెరిచి అలాగే బొమ్మలా ఉండిపోయాడు, కాసేపటికి ఆయన స్థానంలో, నెట్ పోయినప్పుడు ఆడుకోమని క్రోమ్ బ్రౌజర్ వాళ్లు పెట్టిన ఆటలోని రాక్షసబల్లి వచ్చి నిలబడింది. స్పేస్ బార్ నొక్కాను. నా లాప్‌టాప్‌లో మిగతా మీటలన్నీ కొత్తగానే ఉంటాయి గానీ స్పేస్ బార్ మాత్రం మధ్యలో అరిగి, పాత గుడిమెట్టులా నున్నగా మెరుస్తూ ఉంటుంది. దాన్నిబట్టే ఈ రంగంలో నా అనుభవం ఎంతో మీరు లెక్కేసుకోవచ్చు. ముళ్లచెట్లు దాటాను, పక్షులొస్తే తల వంచాను, పగలు పోయి రాత్రయింది, రాత్రి పోయి మళ్లీ తెల్లారింది, స్కోరు నాలుగు వేల ఎనిమిది వందలు దాటింది. నా జన్మలో చూడని అంకె అది. సరిగ్గా అప్పుడు నెట్ వచ్చేసింది. పేజీ తనంతట తానే లోడైపోయింది. బల్లి మాయం, మేనేజరు ప్రత్యక్షం, అదే నోరు.

ఇంత అన్యాయం జరిగాక కూడా ఊరుకుంటే నేను మనిషిని కాను. అందుకే బ్రౌజర్ ఆటలు తయారుచేసే పెద్దలందరికీ, కాలక్షేప క్రీడాకారులందరి తరఫున (నన్నెవరూ ఎన్నుకోలేదు, అది వేరే సంగతి) కొన్ని సూచనలు సమర్పించుకుంటున్నాను. మొదటిది, నెట్ తిరిగొచ్చేముందు ఆటగాడి అనుమతి తీసుకోవాలి. గుమ్మంలో నిలబడి "ఏవండీ, ఇంటర్నెట్ వచ్చింది, లోపలికి రమ్మంటారా, కాసేపాగి రమ్మంటారా" అని ఒక్క మాట అడిగితే ఎవడి సొమ్ము పోతుంది?

ఇక ఆ బల్లి ఉద్యోగ భద్రత సంగతి. 2014లో దాన్ని డ్యూటీలో వేశారు. ఆట పూర్తవడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, కోటి డెబ్బై లక్షల సంవత్సరాలు అని చెప్పారు తయారుచేసినవాళ్లు. ఆ జాతి భూమ్మీద బతికింది అంతకాలమేనని వాళ్లన్నారు, అదీ వాళ్ల జోకు. నేను జోకుగా తీసుకోలేకపోతున్నాను. ఆంధ్రలో రిటైర్మెంట్ వయసు 62, తెలంగాణలో 61, అది రెండుమూడేళ్లు పెరిగిందంటేనే నిరుద్యోగులు రోడ్డెక్కారు. ఇక్కడ ఒక మూగజీవికి కోటి డెబ్బై లక్షల ఏళ్ల సర్వీసు, పీఆర్సీ లేదు, పెన్షన్ లేదు, ఎల్టీసీ మీద ఎడారి దాటి ఇంకో ఊరు చూసే యోగం కూడా లేదు. పైగా 2018 నాటికే ఈ ఆట నెలకు 27 కోట్ల సార్లు ఆడుతున్నారని వాళ్లే గర్వంగా చెప్పుకున్నారు. ప్రతి ఆటా ముళ్లచెట్టుకో పక్షికో గుద్దుకోవడంతోనే కదా ముగిసేది, అంటే నెలకు 27 కోట్ల చావులు. ఒక్క జంతు సంక్షేమ సంఘమూ నోరు విప్పలేదు. పిల్లలు బళ్లలో, పెద్దలు ఆఫీసుల్లో పని మానేసి దీన్నే ఆడుతున్నారని ఫిర్యాదులొస్తే మాత్రం, ఆట ఆపేసుకునే వీలు అడ్మిన్లకు కల్పించారు. ఆడేవాడి మాట కంటే ఆపేవాడి మాటే వీళ్లకు ముందు వినిపిస్తుందన్నమాట.

నిజానికి మాకు అన్యాయం ఇవాళ కొత్త కాదు. 2009లో ఫార్మ్‌విల్ అనే వ్యవసాయం ఆట వచ్చినప్పుడు ఊళ్లో నాన్న పొలం కౌలుకిచ్చేసి, ఇక్కడ ఫేస్‌బుక్‌లో వంకాయలు కోసినవాళ్లం మేము. స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో పండేది, కోయడం ఆలస్యమైతే వాడిపోయేది. అలారం పెట్టుకుని తెల్లవారుజామున మూడింటికి లేచేవాణ్ని (నాన్న మడికి నీళ్లు కట్టడానికి లేచే వేళ అదే, ఆయనకు తోడుగా ఒక్కరోజూ లేవలేదు). వాడిపోయిన పంటకు నష్టపరిహారం ఏదని అడిగితే జవాబు లేదు. పంటల బీమా లేదు, మద్దతు ధర లేదు. 2020 డిసెంబర్ 31న పొలాలన్నీ మూసేశారు, ఒక్క రైతుకూ పునరావాసం చూపించలేదు.

గడుల్లో ఒకేలాంటి అంకెల్ని జరిపి కలిపే 2048 అనే ఆట గురించి తక్కువే మాట్లాడతాను, ఎక్కువ మాట్లాడితే బీపీ వస్తుంది. ఇటలీలో పంతొమ్మిదేళ్ల కుర్రాడు గాబ్రియేలె చిరుల్లి 2014 మార్చిలో ఒక్క వారాంతంలో రాసి పడేశాడు, నా వారాంతాలు ఎన్ని పోయాయో లెక్క లేదు. నేను పెద్ద అంకెను జాగ్రత్తగా మూలన పెట్టి కాపలా కాస్తుంటే, తప్పనిసరై ఒక్కసారి పక్కకు జరిపానో లేదో ఆ మూలలోనే వచ్చి కూర్చుంటుంది ఓ రెండు. ఇది కుట్ర అని మా బావమరిదితో అంటే, కోడ్ అందరికీ తెరిచే ఉంది బావా, పదిసార్లలో తొమ్మిదిసార్లు రెండు, ఒకసారి నాలుగు, ఏ గడిలో అన్నది లాటరీ, కావాలంటే చదువుకో అన్నాడు. చదవను. చదివితే కుట్ర లేదని తేలిపోతుంది, అప్పుడు తప్పు నాదవుతుంది.

ఇక వర్డిల్. దాచిన ఐదక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి, అక్షరం సరైన చోట పడితే గడి పచ్చబడుతుంది, మాటలో ఉండి చోటు తప్పితే పసుపవుతుంది. జాష్ వార్డిల్ తన సహచరి పలక్ షా కోసం చేసుకున్న ఆట. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు తొంభైమంది, జనవరి రెండుకల్లా మూడు లక్షలు. రోజుకు ఒక్క మాటే. ఇదేం పిసినారితనమండీ, పెళ్లి భోజనంలో విస్తరికి ఒక్క గారె వడ్డించినట్టు! రోజుకు పది కావాలని నేనూ అడిగాను. ఆ తర్వాత అలాంటివి ఎన్ని కావాలంటే అన్ని ఆడుకునే నకళ్లు వచ్చాయి, ఒకటి తెరిచి వరసగా నలభై ఆడేసి, బోర్ కొట్టి, మళ్లీ ఒక్క మాటకే వచ్చి తెల్లారేదాకా ఎదురుచూస్తున్నాను. జవాబు అమెరికా స్పెల్లింగులో "ఫేవర్" అయిన రోజున, అందులో తమ 'యు' ఏమైందని ఇంగ్లండు వాళ్లు గొడవ చేశారు. న్యూయార్క్ టైమ్స్ కొన్నాక మాటలు కష్టమైపోయాయని లోకమంతా గోల. జవాబుల జాబితా అంతకుముందే తయారై ఉంది, పత్రికవాళ్లు అందులోంచి కొన్ని మాటలు తీసేశారంతే. అయినా నాకు కష్టంగానే అనిపించింది. అనిపించడమే కదా ఫీడ్‌బ్యాక్ అంటే.

తెలుగులోనూ అలాంటిది ఉండాలని మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ప్రతిపాదించాను. మా బాబాయి రిటైరైన తెలుగు మాస్టారు, వెంటనే "స్త్రీ అన్నది ఎన్ని అక్షరాలురా" అని అడిగారు. ఒకటే అన్నాను. మా మేనల్లుడు కంప్యూటర్ చదువుతున్నాడు, వాడు ఆరు అన్నాడు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, యూనికోడ్ లెక్కలో అంతేనట. మరి స కుదిరి ఒత్తు తప్పితే గడికి పచ్చరంగు ఇవ్వాలా, పసుపు ఇవ్వాలా? ఒత్తుకు అరమార్కు అన్నారు బాబాయి. గుడిదీర్ఘానికి పావు అంది పిన్ని. మూడు రోజులు నడిచింది చర్చ, ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు, ఆట మాత్రం ఇంకా పుట్టలేదు.

అష్టాచెమ్మాకు ఈ బాధ లేదు. మూడుసార్లు వరసగా పెద్ద పందెం పడితే చెల్లుతుందా లేదా అన్నది గవ్వలు ఎవరివైతే వాళ్లు తేల్చేసేవారు. మా అమ్మమ్మవే గవ్వలు. ఆవిడకు పడితే చెల్లేది, మాకు పడితే చెల్లేది కాదు. నేను అడుగుతున్నదల్లా బ్రౌజర్ ఆటల్లో నాకూ ఆ అమ్మమ్మ హోదా ఇమ్మనే.

గిట్టనివాళ్లు కౌ క్లిక్కర్ కథ చెబుతారు. ఇయాన్ బోగోస్ట్ అనే ప్రొఫెసరు ఫేస్‌బుక్ ఆటల్ని వెక్కిరించడానికి 2010లో చేశాడు: ఒక ఆవు, ఆరు గంటలకోసారి దాన్ని నొక్కాలి, అంతే. వెక్కిరింత అని చెప్పినా వేలమంది నొక్కారు. 2011లో ఆయన విసిగిపోయి ఆవులన్నిటినీ ఎత్తేస్తే ఖాళీ జాగాను నొక్కారు, ఇప్పుడు ఆటలో మజా పోయిందని ఒకాయన ఫిర్యాదు కూడా చేశాడు. ఆవు ఉన్నప్పుడు మాత్రం ఏముంది అన్నట్టు జవాబిచ్చాడట ప్రొఫెసరు. ఫిర్యాదు చేసినాయన పక్షమే నేను.

ఈ మధ్య మా మేనల్లుడే ఒక ఆట చేశాడు. గతుకుల రోడ్డు మీద ఆటో వెళ్తుంటుంది, గుంత రాగానే నొక్కి దూకించాలి. నేను పదకొండో గుంతలో పడ్డాను. పడగానే ఇరవైమూడు సూచనలు రాసిచ్చాను. గుంతలు చిన్నవి చెయ్యి, దూరం దూరంగా పెట్టు, పడినా ఆటో ఆగకూడదు, ముందే హారన్ కొట్టి చెప్పాలి, నేను నొక్కడం మరిచిపోతే అదే దూకాలి. పాపం, పిల్లాడు రెండు రాత్రులు కూర్చుని అన్నీ చేశాడు.

"మామయ్యా, ఇప్పుడు నువ్వేం నొక్కక్కర్లేదు, చూస్తే చాలు" అన్నాడు.

చూశాను. ఆటో వెళ్తోంది. రోడ్డు నున్నగా ఉంది. ఇంకా వెళ్తోంది. టీ తెచ్చుకుని వచ్చి చూసినా వెళ్తూనే ఉంది, స్కోరు లక్ష దాటింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు.

"అంతా బానే ఉంది గానీ," అన్నాను, "మన ఊళ్లో ఇలాంటి రోడ్డు ఎక్కడ చూశావురా?"