నరం లేని నాలుక గారికి ఒక బహిరంగ లేఖ

మా కుక్క బబ్లూ నోట్లో కొలువై ఉన్న నాలుక గారికి,

నమస్కారాలు. ఈ మధ్యాహ్నం తమరు వెలగబెట్టిన ఘనకార్యం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేను కిందికెళ్లి గ్యాస్ సిలిండర్ తీసుకుని వచ్చానంతే. ఆ కాస్త సేపట్లో మా అత్తయ్యగారు "పాపం మూగజీవం, ఆ గొట్టం పెట్టుకుని అన్నం ఎలా తింటాడే" అని, పుండు నాకకుండా మెడ చుట్టూ పెట్టిన ప్లాస్టిక్ కోన్ తీసేశారు. ఆవిడతో నేను తర్వాత మాట్లాడుకుంటాను. ముందు తమరి సంగతి చెప్పండి. ముందరి కాలి మణికట్టు మీద పుండు మానింది. గులాబీ రంగులో కొత్త చర్మం వచ్చింది. అంచున నూగు కూడా మొలిచింది. ఆ నూగును ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టుకున్నాం, మనవడికి మొదటి పన్ను వచ్చినట్టు! లిఫ్ట్ దిగి వచ్చి చూస్తే నూగూ లేదు, చర్మమూ లేదు. ఎర్రగా, తడిగా, మళ్లీ మొదటికి.

ఒళ్లంతా తమరిదే కదా మహాశయా! తోక ఉంది, పొట్ట ఉంది. ఆ రూపాయి బిళ్లంత చోటే ఎందుకు?

దీన్ని లిక్ గ్రాన్యులోమా అంటారట. లాబ్రడార్‌లలో, డాబర్‌మన్‌లలో ఎక్కువట. చాలావరకు ముందరి కాలి మణికట్టు మీదే వస్తుందట. నాకే కొద్దీ చర్మం రాయిలా మందమవుతుంది, లోపల చీము పడుతుంది, చీము పడితే దురద, దురద పుడితే మళ్లీ తమరు. పైకి మానినట్టు కనిపించినా ఇన్‌ఫెక్షన్ లోతున ఉంటుంది కాబట్టి వారాల తరబడి యాంటీబయాటిక్ మాత్రలు వేయాలన్నారు. వేశాం. అన్నం ముద్దలో పెట్టి, కోడిగుడ్డులో పెట్టి, జున్నులో పెట్టి వేశాం. తమరు జున్నంతా నాకేసి మాత్రను మాత్రం శుభ్రంగా కడిగి నేల మీద పెట్టారు. అంత నైపుణ్యం ఉన్నవారికి పుండును వదిలేయడం చేతకాలేదంటే నేను నమ్మను.

పైగా ఊళ్లో తమరికి వైద్యుడని పేరు. "కుక్క నాకితే పుండు మానుతుంది, వదిలేయమ్మా" అని వాచ్‌మన్ దగ్గర్నుంచి పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారి దాకా అందరూ చెప్పేవాళ్లే. లాలాజలంలో సూక్ష్మజీవుల్ని చంపే పదార్థాలు కొన్ని ఉన్న మాట నిజమే. అందులో బతికే సూక్ష్మజీవుల మాట ఎవరూ ఎత్తరు. గరుకు నాలుకతో గంటల తరబడి గీకితే ఏ పుండు మానుతుంది? మొన్న కింది ఫ్లాట్ పిల్లాడి దోక్కుపోయిన మోకాలు మీద కూడా తమరు వైద్యం చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రేబిస్ లెక్కల్లో, చిట్లిన చర్మాన్ని కుక్క నాకితే అది లోతైన కాటుతో పాటు అన్నిటికన్నా తీవ్రమైన మూడో కేటగిరీలోనే ఉంటుంది. బబ్లూ టీకాల ఫైలు పట్టుకుని పిల్లాడి వెంట నేనూ ఆస్పత్రికి పరిగెత్తాను. వాళ్లమ్మ ఇప్పటికీ లిఫ్ట్‌లో నన్ను చూస్తే ఫోన్‌లోకి తల దూర్చేస్తుంది.

ఇక సలహాలు. కొబ్బరినూనె రాయమన్నారు, రాశాం. తమరికది తాలింపు వేసినట్టయింది. పసుపు రాస్తే సోఫా కవర్ల నిండా పెళ్లికళ. ఒకాయన తలనొప్పి బామ్ రాయమన్నాడు. కర్పూరం కుక్క కడుపులోకి పోతే విషమని చెబితే అలిగాడు. చేదు స్ప్రే కొన్నాం. మొదటి రోజు మొహం చిట్లించారు, రెండో రోజు నుంచి కాకరకాయ వేపుడు తిన్నంత ఇష్టంగా నాకారు.

అర్ధరాత్రి వంటింటి గచ్చు నాకే కార్యక్రమం ఒకటి. అది ఉత్త అలవాటే అనుకునే వీలు కూడా లేదు. కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు నేలా గోడలూ అదేపనిగా నాకే 19 కుక్కల్ని పరీక్షిస్తే 14 కుక్కలకు కడుపులోనో పేగుల్లోనో జబ్బు బయటపడిందని 2012లో రాశారు. అంటే గచ్చుకు వేరే బిల్లు, కాలికి వేరే బిల్లు.

సరే, మర్యాద చాలు. ఇక నువ్వే.

నువ్వెందుకు ఆగవో నాకు తెలుసు. నాకుతుంటే బబ్లూ మెదడులో హాయినిచ్చే రసాయనాలు ఊరతాయట. నొప్పికి నొప్పి తగ్గుతుంది, పొద్దుకు పొద్దు గడుస్తుంది. కానీ అసలు మొదలెక్కడ? గోమారా? ధూళి పడదా? వానాకాలం తడి కాళ్ల వేళ్ల మధ్య బూజా? ఆ కీలులో నొప్పి ఏమైనా ఉందా? ఎక్స్‌రే తీశారు, చర్మం గీకి చూశారు. తిండి పడటం లేదేమో తేల్చుకోవాలంటే వాడు ఎప్పుడూ తినని మాంసంతో కనీసం ఎనిమిది వారాలు పథ్యం పెట్టాలి, మధ్యలో ఇంకేదీ ముట్టకూడదు అన్నారు. వాచ్‌మన్ బిస్కెట్‌తో ఆ పథ్యం మంటగలిసింది. బిస్కెట్ అందుకున్నది ఎవరు? నువ్వే! ఇన్ని పరీక్షలూ నువ్వు నోరు మెదపకపోబట్టే. అంత పొడుగున వేలాడతావు, "ఇదిగో ఇక్కడ దురద" అని ఒక్క మాట చెప్పలేవా? ఎనిమిది గంటలు ఇంట్లో ఒంటరిగా ఉంటే పిచ్చెక్కుతోందనైనా చెప్పొచ్చుగా? చెప్పవు. నాకుతావు. నేను "వద్దు!" అని అరుస్తాను. అరిచినప్పుడల్లా నేను వాడి వైపు చూస్తానని కనిపెట్టి ఇంకాస్త నాకుతావు. ఒళ్లు మండిపోతుంది.

కాబట్టి విను. కోన్ మళ్లీ ఎక్కింది. ఈసారి ముక్కు కొసను దాటి బయటికి వచ్చేంత పెద్దది కొన్నాను. తలుపులూ నా మోకాళ్లూ ఏమైపోయినా సరే, తిండి వేళ కూడా నా కళ్ల ముందు తప్ప తీసేది లేదు. బయట తిరిగొచ్చాక కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుస్తాను. పొద్దున నడక పెంచాను. నాకాలనే ఉంటే నీకు వేరే పని చూపిస్తాను, గంట సేపు నాకినా అరగని పని.

ఇట్లు,
జీతమంతా పెట్ క్లినిక్‌లో పోసి వచ్చిన
బబ్లూ వాళ్లమ్మ

తా.క.: గరుకు రబ్బరు చాప మీద పెరుగన్నం రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. సాయంత్రం కోన్ తీసి నేను పక్కనే కూర్చుంటాను. ఉప్పు వేయలేదు, వంక పెట్టకు.