లైటు వెలిగితే ప్రెజర్ సెన్సార్ మార్చేయమంటున్న ఆ వాయిస్ మెసేజ్ తప్పు

రాయగడ నుంచి జయపురం దాకా మన కార్ల గ్రూపులన్నిట్లో ఒకటే వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: రీమ్యాప్ చేయించిన, అంటే పికప్ కోసం ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) లెక్కలు మార్పించిన బండికి చెక్ ఇంజిన్ లైటు వచ్చి పికప్ పడిపోయిందంటే మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ప్రెజర్ కొలిచేది) పోయినట్టే. అనుమానం ఉంటే కనెక్టర్ పీకి నడిపి చూడండి, బండి బాగుపడితే సెన్సార్ చెడిందని ఖాయం. ముందు పెట్రోలుతో కడగండి. మార్చాల్సి వస్తే, ఎలాగూ బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ప్రెజర్) పెంచారు కాబట్టి పెద్ద రేంజి సెన్సార్ వేయండి. ఆయిల్ లైటు వచ్చినా సెన్సారే, టెన్షన్ పడొద్దు.

ఇందులో ఒక్క మాట కూడా ఉన్నదున్నట్టు నమ్మదగ్గది కాదు. మా బావ నమ్మి డబ్బు పోగొట్టుకున్నాడు కాబట్టి ఒక్కొక్కటే తీసుకుని చెబుతాను.

బావది 1.3 డీజిల్. రీమ్యాప్, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), సిలికాన్ పైపులు, డాష్ మీద బూస్ట్ గేజు, అన్నీ పెట్టించాడు. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతుంటే పికప్ చచ్చిపోయింది, వెనక నల్లపొగ, లైటు వెలిగింది. మెసేజ్ విన్నాడు, సెన్సార్ కొని వేసుకున్నాడు. మూడు వేల పైచిలుకు పోయింది, మళ్ళీ అదే ఘాటీలో అదే తంతు. కోరాపుట్‌లో మా ఇంటి ముందు బండి ఆపి ఈసీయూలో పడ్డ తప్పుల కోడ్లు చదివే స్కానర్ పెడితే కోడ్ పి0299. అంటే టర్బో నుంచి అడిగినంత ప్రెజర్ రావడం లేదని. సెన్సార్ సర్క్యూట్‌లోనే తేడా ఉంటే వచ్చే కోడ్లు వేరు: వోల్టేజ్ మరీ తక్కువైతే పి0107 లేదా పి0237, మరీ ఎక్కువైతే పి0108 లేదా పి0238. పి0299 వచ్చిందంటే ప్రెజర్ తక్కువగా ఉందని సెన్సార్ చెప్పింది, ఈసీయూ విన్నది. మా బావ ఆ చెప్పిన సెన్సార్‌నే పీకేసి కొత్తది పెట్టాడు, అదీ అదే మాట చెప్పింది.

కోడ్ చూశాక కూడా నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి స్కానర్‌లో మ్యాప్ రీడింగ్ చూడాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు సెన్సార్ బయటి గాలి ప్రెజర్‌నే కొలుస్తుంది. సముద్రం పక్కనున్న బరంపురంలో అది 101 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, ఇక్కడ 91 దగ్గర ఉండాలి. వాతావరణాన్ని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది, అంతే. మన కొండ మీదవాళ్ళు నెట్‌లో 101 ఉండాలని చదివి, తమ బండి 91 చూపిస్తే సెన్సార్ పోయిందని బెంబేలెత్తిపోతున్నారు, అది కూడా ఈ మెసేజ్ పుణ్యమే. బావ బండి 91 చూపించింది. పాత సెన్సార్ తెచ్చి పెట్టి చూస్తే అదీ 91. ఇక్కడితో సెన్సార్ మీద అనుమానం చాలావరకు తీరిపోయింది.

అసలు తేడా ఎక్కడుందంటే, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే సిలికాన్ పైపు క్లాంపు కింద. టార్చి వేసి చూస్తే క్లాంపు అంచున గోరంత వెడల్పున నల్లటి ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంది. సబ్బు నీళ్ళు పోసి, బావను ఆక్సిలరేటర్ తొక్కమంటే బుడగలు వచ్చాయి. చదును రోడ్డు మీద తెలియలేదు గానీ ఘాటీలో పూర్తి బూస్ట్ పడేసరికి గాలంతా అక్కడి నుంచే పోతోంది. టీ-బోల్ట్ క్లాంపు వేసి బిగించాం.

కనెక్టర్ పీకి చూసే పరీక్ష గురించి. సెన్సార్ పీకగానే ఈసీయూ చేతులు ముడుచుకుని కూర్చోదు, ఒక ఊహా విలువ పెట్టుకుని డీజిల్, బూస్ట్ రెండూ తగ్గించి నడుపుతుంది. పొగ తగ్గుతుంది, ఊగడం పోతుంది, అందుకే బాగుపడినట్టు అనిపిస్తుంది. పైపు లీకున్న బండి కూడా సరిగ్గా ఇలాగే ‘బాగుపడుతుంది’. పైగా పీకడం వల్ల కొత్త కోడ్ ఒకటి పడి అసలు కోడ్‌తో కలిసిపోతుంది. పీకాలనుకుంటే మల్టీమీటర్ పట్టుకుని పీకండి: తాళం ఆన్‌లో ఉంచి బండి వైపు కనెక్టర్‌లో ఒక పిన్నులో 5 వోల్టులు ఉన్నాయా, గ్రౌండ్ పిన్ను నిజంగా గ్రౌండేనా చూడండి. 5 వోల్టులు రాకపోతే ఎన్ని సెన్సార్లు మార్చినా దండగ.

మార్పులు చేసిన బండిలో ఈ 5 వోల్టుల సంగతి ఇంకా ముఖ్యం. చాలా బండ్లలో అదే 5 వోల్టుల సప్లై రెండు మూడు సెన్సార్లకు కలిపి వెళ్తుంది. గేజు బిగించినవాళ్ళు ఆ వైరునే మధ్యలో గీకి, ఇంకో వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి వదిలేస్తారు. నాలుగు వానలు పడ్డాక ఆ అతుకు పచ్చబడుతుంది, లేదా వేడికి టేపు జారి బాడీకి తగులుతుంది. అప్పుడు ఏ తప్పూ లేని సెన్సార్ల పేర్లన్నీ ఒకేసారి స్కానర్‌లో కనబడతాయి. బయట కొని పెట్టినవన్నీ ఒక్కొక్కటిగా విప్పి 5 వోల్టులు తిరిగొచ్చాయేమో చూడటం మొదటి పని. సెన్సార్ కొనడం చివరి పని.

పెట్రోలుతో కడగడం మాత్రం వద్దు. చాలా సెన్సార్ల లోపల సన్నని పొర మీద జెల్ ఉంటుంది, పెట్రోలు, కార్బ్ క్లీనర్ దాన్నీ రబ్బరు సీలునీ పాడు చేయగలవు. డీజిల్ బండ్లలో మసి పేరుకుపోవడం నిజమే. దానికి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి ఆరనిస్తే చాలు, పిన్నీసు పెట్టి పొడవకండి.

అన్నిటికన్నా ప్రమాదం ఆ పెద్ద సెన్సార్ సలహా. కంపెనీ సెన్సార్ 20 నుంచి 250 కిలోపాస్కల్ కొలిచేది అనుకోండి, 0.4 నుంచి 4.65 వోల్టుల మధ్య. దాని స్థానంలో అదే వోల్టేజీలో 300 దాకా కొలిచేది పెట్టి, ఈసీయూలో లెక్క మార్చకుండా వదిలేస్తే, నిజంగా 200 ఉన్నప్పుడు ఈసీయూకి 168 అని కనబడుతుంది. బూస్ట్ చాలలేదనుకుని టర్బోని ఇంకా తోస్తుంది. బరంపురంలో నిలబెట్టిన బండి తాళం ఆన్‌లో 87 చూపిస్తుంది, అంటే తాను కొండ మీద ఉన్నాననుకుంటుంది. టర్బో, పిస్టన్లు మూల్యం చెల్లిస్తాయి. బూస్ట్ నిజంగా సెన్సార్ రేంజి దాటిపోతే పెద్దది అవసరమే. అప్పుడు రీడింగ్ పై అంచున అతుక్కుపోతుంది, పి0238 రావచ్చు, సెన్సార్ మాత్రం చెడలేదు. అలాంటప్పుడు రీమ్యాప్ చేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళి కొత్త సెన్సార్ లెక్క ఫైల్లో రాయించుకోవాలి. గేజులో 1.5 బార్ అంటే బరంపురంలో మొత్తం 2.5 బార్ (250 కిలోపాస్కల్) అని, 250 సెన్సార్‌కి అదే హద్దు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక ఆయిల్ లైటు. అది వెలిగితే వెంటనే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి, ఇందులో రెండో మాట లేదు. డిప్‌స్టిక్ చూడండి, ఆయిల్ ఉంటే సెన్సార్ విప్పి ఆ రంధ్రంలోనే మెకానికల్ గేజు బిగించి కొలిపించండి. గేజు సరిపడా ప్రెజర్ చూపించాకే సెన్సార్‌ని అనండి. ఆయిల్ గేజు కోసం అడాప్టర్ పెట్టించుకున్నవాళ్ళు ఇంకొకటి చూడాలి. ఒక్క వైరు ఉన్న ఆయిల్ ప్రెజర్ స్విచ్చికి గ్రౌండ్ దాని మరల ద్వారానే వస్తుంది. లీకవకుండా అని ఆ మరల చుట్టూ టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే గ్రౌండ్ తెగిపోయి, ఆయిల్ ప్రెజర్ నిజంగా పోయినా లైటు వెలగకపోవచ్చు. రేపు పొద్దున్న తాళం తిప్పి, స్టార్ట్ చేయకముందు ఆ ఎర్ర లైటు వెలుగుతోందో లేదో ఒక్కసారి చూడండి.