ప్రశ్న రాసేది ఎవరు?

2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్లను ఒక్కటే అడిగారు: యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా? 51.9 శాతం మంది వచ్చేద్దామన్నారు. వచ్చాక ఎక్కడ నిలబడాలన్నది మాత్రం బ్యాలెట్‌ పేపర్‌పై లేదు. ఉమ్మడి మార్కెట్‌ సంగతేమిటి, ఐర్లండ్ సరిహద్దు ఏం చేయాలి, అన్నీ పార్లమెంటు నెత్తిన పడ్డాయి. అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019లో ఎంపీలు మూడుసార్లు తిప్పికొట్టారు.

జనానికి తెలివి లేకే ఇలా అయిందనే మాట నాకు మింగుడుపడదు. అదే నిజమైతే మామూలు ఎన్నికలు మాత్రం ఎందుకు? ఇక్కడ తేడా వచ్చింది ప్రశ్నలోనే. దాన్ని రాసింది పాలకులు.

ఐర్లండ్ అనుభవం చూడండి. అబార్షన్‌పై అక్కడి పార్టీలకు ఎప్పుడూ టెన్షనే. 2016లో లాటరీ పద్ధతిలో 99 మంది మామూలు పౌరులను ఎంపిక చేసి, ఒక న్యాయమూర్తి అధ్యక్షతన పౌరసభగా కూర్చోబెట్టారు. ఐదు వారాంతాలు డాక్టర్లు, లాయర్లు, రెండు వైపులవాళ్లు చెప్పింది విన్నారు, వాదించుకున్నారు. ఎలాంటి కారణమూ అడగకుండా అబార్షన్‌కు అనుమతి ఉండాలని వాళ్లలో 64 శాతం మంది అన్నారు. పార్లమెంటు ఆ సిఫార్సులను తీసుకుని కదిలింది. 2018 మే రెఫరెండంలో రాజ్యాంగ నిషేధాన్ని తీసేయడానికి 66.4 శాతం ఒప్పుకున్నారు.

అదే దేశం, 2024 మార్చి. ఇంట్లో పిల్లలకు, వృద్ధులకు చేసే సేవలకు అండగా ఉండే బాధ్యతను ప్రభుత్వంపై పెట్టాలని మరో పౌరసభ అంతకుముందే సూచించింది. ప్రభుత్వం ఆ మాటను పలచన చేసి, అండగా ఉండేందుకు ‘ప్రయత్నిస్తుంది’ అని రాసి ఓటుకు పెట్టింది. దాదాపు 74 శాతం మంది వద్దన్నారు. ఓడడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు. కానీ పౌరసభను పిలిచి, వాళ్ల మాటను పక్కనబెట్టడం కంటే అసలు పిలవకపోవడమే నయం.

స్విట్జర్లండ్‌లో 18 నెలల్లో లక్ష సంతకాలు తెస్తే రాజ్యాంగ సవరణను జనమే ఓటుకు పెట్టించవచ్చు. బాగుంది. అయితే 1959లో అక్కడి మగ ఓటర్లే ఆడవాళ్లకు ఓటుహక్కు వద్దన్నారు. 1971 దాకా అది రాలేదు.

మనకు దగ్గర్లోనే, పార్వతీపురం దాటి రాయగడ వైపు వెళితే నియమ్‌గిరి కొండలున్నాయి. అక్కడి బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. వందకు పైగా పల్లెలుంటే ఒడిశా ప్రభుత్వం పన్నెండింటినే ఎంచుకుంది. ఆ పన్నెండూ వద్దన్నాయి.