మనస్సాక్షి పేరుతో గెంటివేత

గర్భస్రావం కోసం నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక కూలీ మహిళను ప్రభుత్వాసుపత్రిలో ఎలా తిప్పి పంపారో జిల్లా అంతా వినే ఉంది. మళ్లీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఇద్దరు పిల్లల తల్లి, గర్భం రాకుండా వేయించుకున్న కాపర్-టీ ఉన్నా నిలిచిన గర్భం, పదకొండో వారం. "ఇలాంటివి మేం చేయం, మా నమ్మకానికి విరుద్ధం" అన్నారట. ఆ మాటకన్నా దానికి వెంటనే దొరికిన వత్తాసు మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. ఇష్టంలేని వైద్య సిబ్బందికి గర్భస్రావాల నుంచి మినహాయింపు ఇవ్వాలని, అది చట్టంలోనే రాయాలని కొందరు డాక్టర్లు బాహాటంగా అంటున్నారు.

డాక్టరూ మనిషే, నమ్మకాలుంటాయి, కాదనం. కానీ ఆ కుర్చీ, ఆ జీతం, ఆ ఆపరేషన్ థియేటర్ జనం డబ్బుతో వచ్చినవి. అక్కడ కూర్చుని ఎవరికి వైద్యం చేయాలో, ఎవరిని పొమ్మనాలో సొంత నమ్మకాన్ని బట్టి తేలుస్తామంటే ఒప్పుకునేది లేదు.

ఎందుకంటే ఇది గర్భస్రావం దగ్గర ఆగదు. ఇవాళ ఈమెను పొమ్మన్నారు. రేపు పెళ్లికాని అమ్మాయి గర్భనిరోధక మాత్రలు అడిగితే? కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మా మతం ఒప్పుకోదని ఇంకొకరంటే? హెచ్ఐవీ ఉన్న గర్భిణి కాన్పుకొస్తే? అంటరానితనం పాటించినవాళ్లూ దాన్ని ధర్మమనే అన్నారు, తమ నమ్మకమనే అన్నారు. ఒక్క నమ్మకానికి ఆసుపత్రిలో చోటిస్తే తక్కినవన్నీ క్యూలో నిలబడతాయి. వాటిలో దేన్ని కాదంటారు, ఏ మొహంతో కాదంటారు?

చట్టం ఏం చెబుతోందో వీళ్లకు తెలియక కాదు. నాటు పద్ధతుల్లో గర్భం తీయించుకుని ఆడవాళ్లు చచ్చిపోతున్నారనే 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు. 1971లో డాక్టర్ల చేత గర్భస్రావాన్ని అనుమతించే చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. 2021లో దాన్ని సవరించారు. 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ అయితే సమ్మతి పత్రం మీద ఆమె సంతకం ఒక్కటే కావాలి, మొగుడి సంతకం ఎక్కడా అడగలేదు. చట్టంలో లేని షరతులు పెట్టి డాక్టర్లు స్త్రీలను తిప్పుతున్నారని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టే తప్పుపట్టింది. ఇక వైద్యుల సొంత నియమావళి సంగతి. వైద్యపరంగా అవసరమైన గర్భస్రావాన్ని కేవలం మతకారణాలతో నిరాకరించరాదని భారత వైద్య మండలి 2002లోనే రాసిపెట్టింది. ఆ పని తనకు చేతకాదనుకుంటే తప్ప అంది. వీళ్లు చేతకాదనడం లేదు, 'చేయం' అంటున్నారు. మాటిమాటికీ ఎత్తుతున్న రాజ్యాంగం 25వ అధికరణ కూడా మనస్సాక్షి స్వేచ్ఛను ప్రజల ఆరోగ్యానికి లోబడే ఇచ్చింది. మొదటి వాక్యంలోనే ఉంది, చదువుకోవచ్చు.

ఆమె చేతికిచ్చి పంపిన ఓపీ చీటీ మేం చూశాం. పేరు, వయసు, బీపీ ఉన్నాయి. కింద 'నెల్లూరుకు రెఫర్' అని ఒక గీత. ఎందుకు రెఫర్ చేశారో లేదు. ఎవరు చేశారో సంతకమూ లేదు. అంత గట్టి నమ్మకమే అయితే పేరు రాసి సంతకం పెట్టడానికి భయమెందుకు? మాకున్న అనుమానం చెబుతాం. చాలాచోట్ల అడ్డొస్తున్నది మనస్సాక్షి కాదు, టెన్షన్. లింగ నిర్ధారణ కేసులో ఇరుక్కుంటామేమో, పోలీసులొస్తారేమో, రికార్డులు రాయాలేమో అన్న భయం. లింగ నిర్ధారణ జరిపి ఆడపిల్లను తీసేయమంటే నిరాకరించాల్సిందే, అందుకు 1994 చట్టం ఉంది, మనస్సాక్షితో పనిలేదు. దాన్ని సాకుగా చూపి అందరినీ వెనక్కి పంపడం వేరు.

'నెల్లూరు వెళ్లమన్నాం కదా' అని చేతులు దులుపుకోవడం ఇంకో విడ్డూరం. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు మనిషికి ఒంగోలు అంతకన్నా దూరం. రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ కావాలి, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పాలి, ఇంట్లో ఏదో ఒకటి చెప్పాలి. ఈలోగా వారాలు గడుస్తాయి. అంత దూరం పోలేని మనిషి సందు చివర మెడికల్ షాపులో మాత్రల కిట్ కొంటుంది. తొమ్మిది వారాలు దాటాక వాడకూడదని ఆమెకు చెప్పేవాళ్లుండరు. రక్తం ఆగక అదే ఆసుపత్రికి తెస్తారు. అప్పుడు ఈ నమ్మకాలవాళ్లే సెలైన్ పెట్టాలి.

మినహాయింపు ఇచ్చినా కొద్దిమందే వాడుకుంటారన్నది వట్టి మాట. ఇటలీ 1978లో ఇచ్చింది. ఇప్పుడక్కడ గైనకాలజిస్టుల్లో సగానికి పైగా 'మేం చేయం' అన్నవాళ్లే. అక్కడైనా ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఇక్కడ నోటిమాటతోనే నడిచిపోతోంది.

జిల్లా వైద్యాధికారులు 'విచారణ జరుపుతాం' అన్నారు. ఆ మాట మాకు కంఠతా వచ్చేసింది. విచారణ సరే, ముందు నిరాకరించిన ప్రతిసారీ కారణం, పేరు, సంతకం రాయించండి. ఒకే ఒక్క గైనకాలజిస్టు ఉన్న ఆసుపత్రిలో చేయనన్నవారిని ఉంచొద్దు. ఇక ఆ డాక్టర్లకు ఒక మాట. ఈ పని గైనకాలజీలో భాగమని పీజీ సీటు తీసుకున్న రోజే తెలుసు. అప్పుడు మౌనంగా ఉండి, ప్రభుత్వ ఉద్యోగం చేతికొచ్చాక, వాదించే ఓపిక లేని పేదరాలి ముందు గుర్తొచ్చిన నమ్మకానికి మేం గౌరవం ఇవ్వలేం. కంటి వైద్యం తీసుకోవాల్సింది. కంటి డాక్టరును గర్భస్రావం చేయమని ఎవరూ అడగరు.